ఒక ఆదివారపు ఆకాశవాణి: కావలిలో మాటల రోజును మళ్లీ కూర్చుతున్న డైరీ

జూన్ 8

కావలిలో మా పేట గ్రంథాలయం మేడగదిలో ఒక ఆదివారమంతా, తెల్లవారుజాము మొదలు రాత్రి ప్రసారం ముగిసేదాకా, నాలుగు దశాబ్దాల కిందటి ఆకాశవాణి విజయవాడ కేంద్రపు మాటల కార్యక్రమాలను వాటి వాటి వేళల్లోనే వినిపించాలన్నది మేము తలపెట్టిన పని. పాటలను కావాలనే పక్కన పెట్టాము. పాత పాట ఎవరి ఫోనులో వెతికినా దొరుకుతుంది. వార్తలు, వ్యవసాయ ప్రసంగం, ధరవరలు, స్త్రీల కార్యక్రమం, పిల్లల కార్యక్రమం, ప్రవచనం, నాటకం, వీటిని ఒకదానికొకటి కలుపుతూ పోయే అనౌన్సరు మాట, ఇవన్నీ ఒకే రోజులో ఒకే పెట్టెలోంచి వచ్చేవన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే అర్థం కావడం లేదు. వినిపిస్తే అర్థమవుతుందని మా నమ్మకం.

విజయవాడనే ఎందుకు ఎంచుకున్నారని గ్రంథాలయంలో ఒక పెద్దాయన అడిగారు. దూరం లెక్కన చూస్తే కావలికి కడప దగ్గర. కానీ కడప కేంద్రం 1963లో వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. దానికి ముందు 1938 నుంచి మద్రాసు కేంద్రమే తెలుగువారికి దిక్కు. విజయవాడకూ మద్రాసుకూ ఇంచుమించు నడిమధ్యన ఉన్న మా ఊరిలో రేడియో ముల్లు మొదట మద్రాసు మీద ఉండి, తరువాత విజయవాడకు జరిగి, చాలా ఇళ్లలో అక్కడే నిలిచిపోయింది. కడప వచ్చేసరికి ఇంటిల్లిపాదికీ అలవాట్లు ముదిరిపోయాయి.

జూన్ 22

క్యాసెట్లు రావడం మొదలైంది. కావలి, బిట్రగుంట, అల్లూరు, ఉలవపాడు వైపు నుంచి అట్టపెట్టెల్లోనూ బియ్యపు సంచుల్లోనూ తెచ్చి ఇస్తున్నారు. అట్టల మీద రాత చూస్తే జనం ఏమి దాచుకున్నారో తెలిసిపోతుంది. అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నవి ఉషశ్రీ గారి ప్రవచనాలు. ఆదివారం మధ్యాహ్నం వచ్చే ఆ రామాయణ, భారత ప్రసంగాల కోసం, శ్రోతల ప్రశ్నలకు ఆయన జవాబులిచ్చే ధర్మసందేహాల కోసం, అన్నం కంచాల ముందు నుంచి కూడా లేవకుండా విన్న కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. వాటి తరువాత నాటకాలు. ఆ తరువాత, నేను ఊహించనిది, బంధువుల ప్రసంగాలు. ఇంట్లో ఒకరికి రేడియోలో మాట్లాడే అవకాశం వస్తే మిగిలినవారు టేపురికార్డరును రేడియో ముందు పెట్టి ఊపిరి బిగబట్టి కూర్చునేవారన్నమాట. అటువంటి క్యాసెట్లలో ప్రసంగంతో పాటు ఇంట్లోని దగ్గు, వీధిలో సైకిలు గంట, "గమ్మునుండండిరా" అన్న అదలింపు కూడా పడ్డాయి.

లేనివాటి సంగతి అంతకన్నా ముఖ్యం. ధరవరలను ఎవరూ రికార్డు చేసుకోలేదు. వాతావరణ సూచనను, జలాశయాల నీటిమట్టాలను, తప్పిపోయినవారి ప్రకటనలను, "ఇప్పుడు సమయం" అని చెప్పిన మాటను ఎవరూ దాచలేదు. క్యాసెట్టు ఖరీదు పెట్టి ఎవరు దాచుకుంటారు? రేపు మళ్లీ వచ్చేదాన్ని దాచవలసిన అవసరం ఎవరికీ తోచదు. కేంద్రాలలో కూడా స్పూలు టేపును చెరిపి మళ్లీ వాడుకోవడం మామూలే. కనుక రోజును నిలబెట్టిన చిన్న చిన్న మాటలన్నీ పోయి, పండుగ భోజనం వంటి పెద్ద కార్యక్రమాలు మాత్రం మిగిలాయి. ఈ పనిలో అసలు చిక్కు ఇదేనని ఇవాళ స్పష్టమైంది.

కాలాన్ని నిర్ణయించుకోవడానికి ఒక క్యాసెట్టు ఉపకరించింది. నాటకానికి ముందు అనౌన్సరు "358.4 మీటర్లు, అనగా 837 కిలోహెర్ట్జ్" అని చెప్పడం అందులో వినిపిస్తున్నది. 837 తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య. మీడియం వేవ్ కేంద్రాల మధ్య ఎడం 10 కిలోహెర్ట్జ్ నుంచి 9కి మారి, వాటి సంఖ్యలు తొమ్మిది గుణిజాలైనది 1978 నవంబరు 23న. కనుక ఆ నాటకం ఆ తేదీ తరువాతిదే. ఆ క్యాసెట్టు ఇచ్చిన ఇంటివారే రేడియో లైసెన్సు పుస్తకం కూడా తెచ్చారు. తపాలా కార్యాలయంలో ఏటా 15 రూపాయలు కట్టి స్టాంపులు అంటించుకున్న పుస్తకం అది. ఆ లైసెన్సు విధానం 1980ల నడుమ రద్దయింది. ఈ రెండు హద్దుల నడుమ, అంటే 1979కీ 1985కీ మధ్యన, ఒక ఆదివారాన్ని మాదిరిగా తీసుకోవాలని నిశ్చయించాము. ఫలానా తేదీ అని చెప్పుకోము.

జులై 6

క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించే పని నడుస్తున్నది. క్యాసెట్టు డెక్కుకు బెల్టులు మార్చి, రబ్బరు రోలరును, టేపు మీది ధ్వనిని చదివే హెడ్డును స్పిరిట్ దూదితో తుడిచి, ప్రతి క్యాసెట్టుకూ హెడ్డు వాలును విడిగా సరిచేసుకుంటున్నాము. ఈ చివరి పని చాలామంది చేయరు. ఎవరి ఇంటి టేపురికార్డరు వాలు వారిది. ఆ వాలుకు మన హెడ్డును తిప్పుకోకపోతే స, శ, ష లు మూడూ ఒకే మొద్దు ధ్వనిగా వినిపిస్తాయి. చిన్న స్క్రూడ్రైవరుతో మరను వెంట్రుకవాసి తిప్పుతూ, సకారం పదునెక్కిన చోట ఆపాలి. పాట విషయంలో ఈ తేడా అంతగా తెలియదు. మాట విషయంలో "శాంతి" అన్న ఒక్క పదం చాలు, తేలిపోతుంది.

టేపును అదిమి పట్టే చిన్న స్పంజి మెత్త చాలా క్యాసెట్లలో ఎండి రాలిపోయింది. మరలున్న డొల్లలను విప్పి, లోపలి టేపు చుట్టలను మంచి డొల్లలోకి మారుస్తున్నాము. అతికించేసిన డొల్లలైతే అంచు వెంట కోసి తీయవలసి వస్తున్నది.

మరొక బాధ ప్రవచనాల్లో బయటపడింది. 90 నిమిషాల క్యాసెట్టులో టేపు పలుచన. 60 నిమిషాలదానిలో కాస్త మందం. పలుచని టేపు ఏళ్ల తరబడి చుట్టలోనే ఉండిపోతే ఒక పొర మీది ధ్వని పక్క పొరకు సన్నగా అంటుతుంది. పాట నడుస్తున్నప్పుడు అది కలిసిపోతుంది. ఉషశ్రీ గారు ఒక వాక్యం గట్టిగా ముగించి, శ్రోతను ఆలోచించుకోనిచ్చి, మళ్లీ గొంతెత్తుతారు. ఆ విరామంలో, గొంతు రావడానికి కాస్త ముందుగానే, అదే మాట గుసగుసగా వినిపిస్తున్నది. దీన్ని యంత్రంతో తుడిచేస్తే విరామం చచ్చిపోతుంది, గదిలో మనిషి కూర్చున్న ఆనవాలు కూడా పోతుంది. అందుకని బాగా వినిపించే చోట్ల మాత్రం చేత్తో తగ్గించి, మిగిలినదాన్ని ముట్టుకోలేదు. రొదను తగ్గించే సాఫ్ట్‌వేరును కూడా పొదుపుగా వాడుతున్నాము. మీడియం వేవ్‌లో వచ్చే మాటలో ఎటూ 5 కిలోహెర్ట్జ్ దాటి పెద్దగా ఏమీ ఉండదు. ఆ పైన ఉన్నదంతా టేపు బుస కనుక దాన్ని కోసేస్తే చాలు. లోపలి గరగరను కెలికితే మనిషి గొంతు నీళ్ల అడుగునుంచి వచ్చినట్లు తయారవుతుంది.

జులై 14

ఇవాళంతా వేగం గొడవ. టేపు వేగం సెకనుకు 4.76 సెంటీమీటర్లు ఉండాలి. ఇళ్లలోని టేపురికార్డర్లు, బ్యాటరీలు దిగిపోయినప్పుడు మరీను, ఆ లెక్కను పాటించవు. రికార్డు చేసేటప్పుడు నెమ్మదిగా తిరిగి ఉంటే, మనం సరైన వేగంతో వినిపించినప్పుడు గొంతు సన్నబడి తొందరపడుతుంది. నాటకంలో పాత్ర గొంతు కాస్త మారినా చెల్లుతుంది. వార్తలు చదివే గొంతు మారితే ఇక్కడి పెద్దలు ఒప్పుకోరు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివిన అద్దంకి మన్నార్ గారి గొంతును, పన్నాల సుబ్రహ్మణ్య భట్టు గారి గొంతును మా శ్రోతలు తమ మేనమామల గొంతుల్లాగా గుర్తుపడతారు.

వేగం కొలవడానికి పుస్తకాల్లో చెప్పే పద్ధతి ఒకటున్నది. రికార్డింగులో అడుగున కరెంటు హమ్మింగు ఉంటుంది, దాన్ని 50 హెర్ట్జ్‌కు తెచ్చుకుంటే వేగం సరిపోయినట్లే అంటారు. మన దేశంలో, ఆ కాలంలో, అది చెల్లదు. నేను విద్యుత్ సబ్‌స్టేషనులో ఆపరేటరుగా ఉద్యోగం చేసినవాణ్ణి. గంటగంటకూ లాగ్‌షీటులో ఫ్రీక్వెన్సీ రాసేవాళ్లము. లోడు ఎక్కి ఉత్పత్తి చాలని సాయంకాలాల్లో 48.5 అని రాయడం మాకు వింతగా ఉండేది కాదు. ఆ హమ్మింగును 50 అనుకుని సరిచేస్తే గొంతును మూడు శాతం పెంచినట్లవుతుంది, అంటే హార్మోనియం మీద పక్కపక్క మెట్ల మధ్య ఎడంలో దాదాపు సగం. అందువల్ల వార్తలకు ముందు వచ్చే సమయ సూచిక చుక్కలను పట్టుకున్నాము. సెకనుకొకటి చొప్పున పడే ఆ పీకుల మధ్య ఎడాన్ని తెర మీద కొలిచి, ఒక సెకనుకు సరిగ్గా సాగదీసి, ఆ నిష్పత్తినే ఆ క్యాసెట్టు మొత్తానికీ వర్తింపజేశాము. సరిచేసిన తరువాత హమ్మింగు ఎక్కడ నిలిచిందో చూస్తే, ఒక సాయంకాలపు క్యాసెట్టులో 48.7 దగ్గర ఉన్నది. నా పాత లాగ్‌షీట్లు అబద్ధం చెప్పలేదు.

చుక్కలు పడని క్యాసెట్లకు ఆకాశవాణి సంకేత సంగీతమే ఆధారం. వాల్టర్ కౌఫ్‌మన్ కూర్చిన ఆ బాణీ ఎవరి క్యాసెట్టులో పడ్డా ఒకే రికార్డు కనుక శ్రుతి కలిపి చూసుకోవచ్చు. రెండూ లేనివాటిని చెవికి వదిలేశాము.

జులై 27

రోజు అస్థిపంజరం తయారైంది. ఆకాశవాణి తెలుగులో నడిపిన కార్యక్రమాల పక్షపత్రిక "వాణి" పాత సంచికలు కొన్ని ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ఇంట దొరికాయి. దినపత్రికల్లో "నేటి రేడియో" కింద వేసిన వరుసలను గ్రంథాలయపు బైండు పుస్తకాల్లో చూసి వాటితో సరిపోల్చాము.

ఉదయపు ప్రసారంలో మాటలకు సంబంధించి మాకు గట్టిగా దొరికినది వార్తల వరుస. 6 గంటల 55 నిమిషాలకు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు; ఇవి 1974 జూన్ 30న మొదలయ్యాయి కనుక మన కాలానికి సరిపోతాయి. "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్" అన్న వాక్యం సంస్కృతం ఒక్క ముక్క రానివారికి కూడా కంఠతా వచ్చింది. ఆ వార్తలు చదివిన బలదేవానంద సాగర్ గారు తన పేరు పలికిన తీరును అనుకరించని బడిపిల్లవాడు ఆ రోజుల్లో ఉండేవాడు కాడు. ఆ వెంటనే 7 గంటల 5 నిమిషాలకు తెలుగు వార్తలు. ఇళ్లలో గడియారానికి కీ ఇచ్చి సరిచేసుకునే వేళ అది.

ఆదివారం కనుక పిల్లల కార్యక్రమం, మధ్యాహ్నం ప్రవచనం, ఆ తరువాత నాటకం. ఈ భాగం నిండుగా ఉన్నది. దొరికిన క్యాసెట్లలో దేన్ని వదలాలన్నదే ప్రశ్న. స్త్రీల కార్యక్రమానికి ఒకే ఒక్క రికార్డింగు ఉన్నది, అదీ సగం. ఊరగాయల గురించి మొదలుపెట్టి, బిడ్డకు టీకాలు వేయించడం దాకా వచ్చి, క్యాసెట్టు ఆ వైపు అయిపోవడంతో ఆగిపోతుంది. ఆ సగాన్నే వేస్తాము.

సాయంకాలపు వ్యవసాయ కార్యక్రమానికి మా జిల్లా సొమ్మే ఉన్నది. విశ్రాంత వ్యవసాయాధికారి ఒకరు వరిలో అగ్గితెగులు గురించి చేసిన ప్రసంగాన్ని వారి కుమార్తె టేపు చేసి దాచారు. టేపుతో పాటు ప్రసంగ పాఠం కూడా ఇచ్చారు. అందులో ప్రతి పుట అంచున పెన్సిలుతో నిమిషాలు వేసుకున్నారు. "మొలగొలుకులు" అన్న వరి రకం పేరు కింద గీత ఉన్నది, అక్కడ కాస్త నిలిపి చదవాలని కాబోలు. కాగితాల మూలన పిన్ను గుచ్చిన రంధ్రం ఉన్నది కానీ పిన్ను లేదు. స్టూడియోలో కాగితం తిప్పిన చప్పుడు మైకులో పడకుండా పిన్ను తీసేసి విడి కాగితాలుగా చదివించేవారని ఆమె చెప్పారు. రికార్డింగులో వింటే ఆ చప్పుడు నిజంగానే ఎక్కడా లేదు. మొదటి పుటలో ఆయన గ్రాంథికంగా రాసుకున్న ఒక వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పొలం గట్టు మీద మాట్లాడినట్లు మార్చారు. ఎవరు మార్చారో గానీ, మార్చిన చెయ్యి వినేవాణ్ణి ఎరిగిన చెయ్యి.

ఆగస్టు 10

రేడియో సిద్ధమవుతున్నది. కంప్యూటరు స్పీకరులో వినిపిస్తే ఈ పనికి అర్థం లేదని మొదటి నుంచీ నా పట్టుదల. సొంతంగా చిన్న ట్రాన్స్‌మిటరు పెట్టి ప్రసారం చేయడం లైసెన్సు లేకుండా కుదరదు కనుక ఆ ఆలోచనను ఆదిలోనే మానుకున్నాము. పాత వాల్వు రేడియోల వెనక గ్రామఫోను తగిలించుకోవడానికి రెండు రంధ్రాలుంటాయి. అందులోకి చిన్న ప్లేయరు నుంచి తీగ ఇస్తే ధ్వని అదే వాల్వుల గుండా, అదే చెక్కపెట్టె గుండా, అదే గుడ్డ వెనక స్పీకరు గుండా బయటికి వస్తుంది.

రేడియో మెకానిక్ బాబాయి ఒక హెచ్చరిక చేశాడు, దాన్ని ఇక్కడ రాసి ఉంచడం అవసరం. కొన్ని పాత సెట్లలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు; వాల్వుల ఫిలమెంట్లను వరుసగా కలిపి నేరుగా మెయిన్సు మీద నడుపుతారు. అటువంటి సెట్టు ఛాసిస్ మీదకే, అంటే లోపలి లోహపు చట్రం మీదకే, కరెంటు వస్తుంది, గ్రామఫోను రంధ్రంలో వేలు పెట్టినా ప్రమాదమే. మొదట తెచ్చిన సెట్టు ఆ రకానిదే కావడంతో దాన్ని చూపుకే ఉంచి, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న మరొక సెట్టును ఎంచుకున్నాము. దానిలో కూడా ధ్వని వాల్వు గ్రిడ్డుకు వెళ్లే కాగితపు కండెన్సరు లీకయితే వాల్వు ఎర్రబడి పోతుంది కనుక దాన్ని ముందే మార్చాము. స్విచ్చు వేసే ముందు మెయిన్సుకు వరుసలో 60 వాట్ల బల్బు పెట్టాము. బల్బు ఒక్కసారి వెలిగి మసకబడింది. లోపల షార్టు లేదని అర్థం. కాసేపటికి, స్టేషను కుదిరిందో లేదో చూపే ఆకుపచ్చ కన్ను తెరుచుకుంది.

"ఇంక బల్బు తీసెయ్ అబ్బయా, పిట్ట కూసింది" అన్నాడు బాబాయి.

స్టేషను కూడా పట్టి చూశాము. సెట్టును గది ఉత్తరపు గోడ వెంట పొడవుగా పెడితే విజయవాడ గట్టిగా వస్తున్నది, తూర్పు గోడకు తిప్పితే తగ్గుతున్నది. లోపలి ఫెర్రైటు కడ్డీకి పక్కల నుంచి వచ్చే తరంగమే బాగా అందుతుంది. విజయవాడ మాకు ఈశాన్యం కలిసిన ఉత్తరాన ఉన్నది. మా పాత ఇళ్లలో రేడియో గూడు ఎక్కువగా ఉత్తరపు గోడకే ఎందుకుండేదో నాకు ఇప్పుడు ఒక కారణం దొరికింది, కట్టినవారు ఆ కారణంతోనే కట్టారని పందెం కట్టను.

ఆగస్టు 24

గొంతుల సమస్య మీద వాదన జరిగింది. ధరవరలు, వాతావరణ సూచన, సమయ ప్రకటనలు ఎటూ దొరకవు గనుక వాటిని ఆనాటి శైలిలో మనమే చదివి, రొద కలిపి, పాతవాటిలాగా వేద్దామని కొందరు కుర్రాళ్లు అన్నారు. యంత్రంతో ఫలానా వారి గొంతును కూడా పుట్టించవచ్చని ఒకరు చూపించబోయారు. నేను అంగీకరించలేదు. ఆ పని చేస్తే నిజంగా దొరికిన వ్యవసాయ ప్రసంగానికీ, మనం వండిన ధరవరలకూ వినేవాడు తేడా పట్టలేడు. దొరికిన వస్తువు విలువ అక్కడితో పోతుంది.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. పత్రికలో అచ్చయిన కార్యక్రమ వివరాన్ని, చేతిలో పాఠం ఉన్న ప్రసంగాన్ని మాత్రం మళ్లీ చదివించవచ్చు. చదివే ముందు ఇది ఇప్పటి గొంతు అని చెప్పాలి. అంకెలు ఊహించి ధరలు చెప్పడం ఉండదు. తెలుగు పండితురాలిగా పదవీ విరమణ చేసిన అక్కయ్య ఒకామె అనౌన్సరుగా చదవడానికి ఒప్పుకున్నారు. "అప్పటి వాళ్లలాగా చదవమంటావా తమ్ముడూ?" అని అడిగారు. "మీలాగే చదవండి అక్కయ్యా, ఒత్తులు మటుకు తప్పకూడదు" అన్నాను. ఆమె ఒత్తులు తప్పే మనిషి కాదు.

1989 నవంబరు 8 రాత్రి కావలి దగ్గర తీరం దాటిన తుపాను గురించి కూడా చర్చ వచ్చింది. కరెంటు స్తంభాలు పడిపోయి, ఫోనులు మూగబోయినప్పుడు బ్యాటరీ ట్రాన్సిస్టరు ఒక్కటే మాట్లాడిందని గ్రంథాలయంలో ప్రతివారూ చెబుతారు. వేటకు వెళ్లవద్దని మత్స్యకారులకు చేసే హెచ్చరిక, ఓడరేవుల్లో ఎగరేసిన ప్రమాద సూచిక సంఖ్య, ఇవి మా తీరంలో రేడియో మాటకున్న బలానికి అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. అయినా మనం ఎంచుకున్న సంవత్సరాలకు అది బయటిది, పైగా మామూలు ఆదివారాన్ని తుపానుతో నింపితే మామూలుతనమే కొట్టుకుపోతుంది. దానికి వేరే రోజు, వేరే పని.

సెప్టెంబరు 7

మధ్యాహ్నపు ప్రసారం మాత్రం నడిపి చూశాము. ప్రవచనం సాగినంతసేపూ గది నిండా జనం ఉన్నారు, వాకిట్లో చెప్పులు మెట్ల దాకా వచ్చాయి. నాటకానికి కొందరు వెళ్లిపోయారు, కొందరు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. బొమ్మ లేకుండా తలుపు చప్పుడును బట్టి ఎవరు వచ్చారో ఊహించవలసి రావడం పిల్లలకు కొత్త. ఒక పాప "ఆయన ఇంకా గదిలోనే ఉన్నాడా?" అని అడిగి నాటకం మొత్తాన్నీ బాగా పట్టుకున్నది.

దొరకని కార్యక్రమాల చోట మౌనాన్ని వదలాలన్న నా ఆలోచన మాత్రం నిలవలేదు. రేడియో చెడిపోయిందనుకుని ఒక పెద్దాయన లేచి పెట్టె మీద చరిచారు. ఆనాటి చికిత్స అదే కదా. బాబాయి నవ్వి, "మౌనంగా ఉండే రేడియోను ఎవరు నమ్ముతారయ్యా" అన్నాడు. దానితో మార్పు చేశాము. ఖాళీ వచ్చినచోట అక్కయ్య గొంతు "ఇప్పుడు ధరవరలు చెప్పవలసిన వేళ, ఆ రికార్డింగు లభించలేదు" అని చెబుతుంది; ఆ తరువాత స్టేషను లేనిచోట ముల్లు నిలిపినప్పటి సన్నని గరగర రెండు నిమిషాలు వస్తుంది. ఆ రెండు నిమిషాల్లోనే జనం తమకు గుర్తున్న ధరలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. వేరుశనగ, పొగాకు, మినుములు. ఒకరు చెప్పిన అంకెను మరొకరు కొట్టిపారేస్తున్నారు. ఈ మాటలను రికార్డు చేసేందుకు గదిలో ఒక మైకు పెట్టాలని నిర్ణయించాము.

సెప్టెంబరు 15

మిగిలిన పనులు. ఉదయపు వార్తలకు దొరికిన ముక్క చాలా చిన్నది, దాన్ని పొడిగించము. కార్మికుల కార్యక్రమం నుంచి ఇంతవరకు ఒక్క నిమిషం కూడా దొరకలేదు. బిట్రగుంట రైల్వే కాలనీలో అడిగి చూడమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. కోవూరు నుంచి ఒక డబ్బాలో పావు అంగుళం స్పూలు టేపులు వచ్చాయి. వాటిని తిప్పే యంత్రం మా దగ్గర లేదు, బాబాయికి నెల్లూరులో ఒకరు తెలుసునట. అవి వచ్చేదాకా రాత్రి ప్రసారపు వరుసను ఖరారు చేయడం లేదు.